తిరుపతి మీదుగా మద్రాసు: మెట్ట ప్రాంతపు దంపతుల సినిమా యాత్రలు

తెలుగువాళ్ళ యాత్రల గురించి మనకు మంచి పుస్తకాలున్నాయి. ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కుటుంబాన్నీ పరివారాన్నీ వెంటబెట్టుకుని కాశీకి బయల్దేరి రాసిన 'కాశీయాత్ర చరిత్ర' ఇప్పటికీ ఆసక్తిగా చదివిస్తుంది. దారిలో తగిలిన ఊళ్ళు, బసలు, వసతులు అన్నీ అందులో ఉన్నాయి. వెంట వచ్చిన ఆడవాళ్ళకి ఆ ప్రయాణం ఎలా అనిపించిందో మాత్రం అందులో వెతుక్కోవలసిందే. సినిమా గురించి కూడా మనకు మంచి పుస్తకాలున్నాయి. గత పాతికేళ్ళలో ఎస్.వి. శ్రీనివాస్ లాంటి పరిశోధకులు తెలుగు సినిమా అభిమానుల గురించీ, సినిమాకీ రాజకీయాలకీ ఉన్న ముడి గురించీ విలువైన పని చేశారు. అయితే అభిమాన సంఘాలు దాదాపు పూర్తిగా మగవాళ్ళవి. అందువల్ల ఆ చరిత్రలో 'అభిమాని' అనగానే మన కళ్ళ ముందుకొచ్చేది కటౌట్‌కి దండ వేస్తున్న కుర్రవాడే.

ఈ రెండు చరిత్రలకీ మధ్య జారిపోయిన ఒక ఆచారం గురించి ఇక్కడ రాయాలనుకుంటున్నాను. 1960ల నుంచి దాదాపు ఇరవయ్యేళ్ళపాటు తెలుగు దంపతులు తిరుపతి వెళ్ళి, కొండ దిగి, అట్నుంచటే మద్రాసు వెళ్ళి సినిమా వాళ్ళని చూసి ఇంటికొచ్చేవాళ్ళు. తిరుపతి నుంచి యాత్రికుల బస్సులు పొద్దున్నే మద్రాసు త్యాగరాయనగర్‌లోని ఎన్.టి. రామారావు ఇంటి ముందు ఆగడం అందరికీ తెలిసిన విషయమే. రామారావు రాజకీయ జీవితం గురించి రాసినవాళ్ళు ఈ బస్సుల్ని తప్పకుండా ప్రస్తావిస్తారు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఆడమనిషి ఎవరు, ఆమె ఇంట్లోంచి ఎలా బయటపడింది, తిరిగొచ్చాక ఏం చేసింది అన్న ప్రశ్న ఎవరూ అడగరు. నేను నెల్లూరు జిల్లా పడమటి మెట్ట ప్రాంతం నుంచి, ముఖ్యంగా ఉదయగిరి, ఆత్మకూరు నుంచి ఈ ప్రశ్న అడగాలనుకుంటున్నాను. అవి మా అమ్మ వైపు ఊళ్ళు కావడం ఒక కారణం. తిరుమలకి దంపతుల ప్రయాణం అక్కడ చాలా పాతది కావడం రెండో కారణం.

ఎంత పాతదంటే, 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి గజపతుల చేతుల్లోంచి ఉదయగిరి కోటని తీసుకున్నాడు. గెలిచాక ఆ జులైలో నేరుగా తిరుమల వెళ్ళాడు. తిరుమలదేవి, చిన్నాదేవి వెంట ఉన్నారు. రాజు చేయించిన కనకాభిషేకంతో పాటు రాణులిద్దరూ ఇచ్చిన కానుకలు కూడా శాసనాల్లో ఉన్నాయి. ముగ్గురి విగ్రహాలు చేతులు జోడించి ఈనాటికీ ఆలయంలో నిలబడి ఉన్నాయి. ఆ రాణులు ఎలా మాట్లాడేవాళ్ళో మనకు తెలియదు. కానీ వాళ్ళు వెళ్ళారనీ, తమ పేరుతో ఇచ్చారనీ తెలుసు. నాలుగున్నర శతాబ్దాల తర్వాత అదే దారిలో వెళ్ళిన మా అవ్వ గురించి ఆ మాత్రం ఆధారం కూడా ఎక్కడా లేదు. ఆమె పేరు మీద టిక్కెట్టు లేదు, హుండీలో వేసిన రూపాయికి రసీదు లేదు.

ఉదయగిరి నుంచి నెల్లూరు దాదాపు వంద కిలోమీటర్లు. ఆత్మకూరు నుంచి అందులో సగానికి కాస్త ఎక్కువ. ఆ రోజుల్లో ఈ రెండు ఊళ్ళకీ రైలు లేదు. రైలెక్కాలంటే బస్సులో నెల్లూరు చేరాలి. అక్కడి నుంచి గూడూరు, రేణిగుంట మీదుగా తిరుపతి, లేదా నేరుగా దక్షిణానికి మద్రాసు. డెల్టాలోని కాలవల కింది ఊళ్ళకీ, వానను నమ్ముకున్న ఈ మెట్ట ఊళ్ళకీ చాలా తేడా ఉంది. ఇక్కడ డబ్బు చేతిలో ఆడేది తక్కువ. ఆడవాళ్ళు పొలం పనులకీ, పుట్టింటికీ, దగ్గర తిరునాళ్ళకీ తప్ప పెద్దగా కదిలేవాళ్ళు కాదు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కే పని చాలావరకు ఆడవాళ్ళ చేతుల మీద నడిచింది. ఇప్పుడు ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఆ గరిటెలు ఊళ్ళు దాటి ఎక్కడెక్కడికో వెళ్ళాయి. వాటిని చెక్కినవాళ్ళలో ఎంతమంది ఊరు దాటారు అన్నది వేరే లెక్క.

ఇలాంటి చోటికి సినిమా డేరాలో వచ్చింది. టూరింగ్ టాకీసు గురించి చాలామంది మగ రచయితలు ప్రేమగా జ్ఞాపకాలు రాసుకున్నారు. పైకప్పు కింద ఇసకలో కూర్చోవడం, ఒకే ప్రొజెక్టరు కాబట్టి రీలు మారినప్పుడల్లా ఇంటర్వెల్, ఆట మొదలవబోతోందని ఊరంతటికీ తెలిసేలా మైకులో ఘంటసాల పాడిన వేంకటేశ్వరస్వామి పాట రికార్డు. ఆడవాళ్ళ జ్ఞాపకాల్లో వీటితో పాటు ఇంకొకటి ఉంటుంది. నేల, బెంచీ తరగతుల్లో ఆడవాళ్ళకి వేరే వైపు, మధ్యలో అడ్డుగోడో తడికో. అంటే మొగుడూ పెళ్ళాం కలిసి బయల్దేరి, కలిసి నడిచి వెళ్ళి, హాలు దగ్గర విడిపోయేవాళ్ళు. పక్కపక్కన కూర్చోవాలంటే కుర్చీ టిక్కెట్టు కొనాలి. కలిసి సినిమా చూసే దాంపత్యం డబ్బున్నవాళ్ళకే దొరికేది. నేలలో కూర్చున్న ఆడవాళ్ళు పక్కింటి ఆడవాళ్ళతో కలిసి చూశారు, కలిసి ఏడ్చారు. 1963లో వచ్చిన 'లవకుశ'కి బళ్ళు కట్టుకుని వచ్చారని అందరూ చెప్తారు. నిండు చూలాలిని అడవిలో వదిలిపెట్టిన భర్త కథని అడ్డుగోడకి ఇవతల ఆడవాళ్ళంతా ఒకచోట కూర్చుని చూడడం చిన్న విషయమేమీ కాదు. అవ్వ ఒకసారి నాతో అంది: "మీ తాత యేం జూసినాడో నాకు తెలీదు. మేము మాత్రం సీతమ్మనే జూసినాము." సీతగా వేసిన అంజలీదేవి కనిపిస్తే ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు ఆడవాళ్ళు కాళ్ళకి మొక్కేవాళ్ళు.

అయితే తిరుపతి–మద్రాసు యాత్రకి మూలం 'లవకుశ' కాదు, అంతకు మూడేళ్ళ ముందు 1960లో వచ్చిన 'శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం'. దీన్ని తీసింది కూడా ఒక జంటే. దర్శకుడు పి. పుల్లయ్య నెల్లూరు వాడు. ఆయన భార్య శాంతకుమారి ప్రొద్దుటూరు ప్రాంతం నుంచి వచ్చిన గాయని, నటి, ఆమె అసలు పేరు వెల్లాల సుబ్బమ్మ. 1936లో 'శశిరేఖా పరిణయం'తో సినిమాల్లోకి వచ్చింది. మరుసటి ఏడాది పుల్లయ్యని పెళ్ళి చేసుకుంది. కూతురి పేరు కలిసొచ్చేలా పద్మశ్రీ పిక్చర్స్ అని సంస్థ పెట్టుకుని సినిమాలు తీశారు. 1939లోనే పుల్లయ్య వేంకటేశ్వరుడి కథని ఒకసారి తీశాడు. అందులో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు స్వామి, శాంతకుమారి పద్మావతి. ఇరవై ఒక్కేళ్ళ తర్వాత అదే దర్శకుడు అదే కథని మళ్ళీ తీసినప్పుడు ఎన్.టి. రామారావు స్వామి, సావిత్రి పద్మావతి. శాంతకుమారి ఈసారి వకుళమాత.

ఈ విషయాన్ని సినిమా చరిత్రలు ఒక విశేషంగా చెప్పి వదిలేస్తాయి. నాకది అంతకంటే ఎక్కువగా అనిపిస్తుంది. మొదటి సినిమాకి ఆమెకి పందొమ్మిదేళ్ళు, రెండోదానికి నలభై. పెళ్ళికూతురు తల్లి అయిపోవడానికి తెర మీద ఆడదానికి దొరికే వ్యవధి అంతే. ఆమె కంటే వయసులో చిన్నవాడేమీ కాని సి.ఎస్.ఆర్. 1939లో ఆమెకి భర్త. ఆమె కంటే మూడేళ్ళే చిన్నవాడైన రామారావు 1960లో ఆమెకి కొడుకు. అయినా శాంతకుమారి ఆ తల్లి పాత్రని ఒక శక్తిగా మార్చుకుంది. వకుళమాత కథలో కొడుకు పెళ్ళి మాట్లాడడానికి ఊళ్ళు దాటి ఒంటరిగా వెళ్ళేది తల్లే. నిజానికి ఈ స్థలపురాణంలో ఆడవాళ్ళందరూ నడుస్తూనే ఉంటారు. భృగువు చేసిన అవమానానికి భర్త నొచ్చుకోలేదని అలిగి లక్ష్మి వైకుంఠం వదిలి వెళ్ళిపోతుంది. ఆమెను వెతుక్కుంటూ స్వామి భూమికి వస్తాడు. గడప దాటిన భార్య లేకపోతే తిరుమల కథే లేదు. కథ చివరికి ఆమె తిరిగొచ్చేసరికి ఇంకో భార్య ఉంటుంది, ఆ చిక్కు తీరకుండానే స్వామి రాయైపోతాడు. దంపతులకి ఇది ఆదర్శ గాథ ఏమీ కాదు. అయినా దంపతులే ఈ కథకి కదిలారు.

ఆ సినిమా ఆడిన హాళ్ళలో స్వామి విగ్రహాలు పెట్టారు, హుండీలు పెట్టారు. టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళేవాళ్ళు చెప్పులు విడిచి కొబ్బరికాయ కొట్టి వెళ్ళారు. దూరాన ఉన్న కొండ హాల్లోకి వచ్చింది. ఆ తర్వాత హాల్లో చూసిన స్వామిని వెతుక్కుంటూ జనం మద్రాసు వెళ్ళడం మొదలైంది. ఇందుకు దారులు కూడా కలిసొచ్చాయి. తిరుమలకి మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. 1958లో రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. కొండకి నడవలేని ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు కూడా బస్సులో వెళ్ళగలిగారు. 1953 దాకా మద్రాసే మన రాజధాని కాబట్టి నెల్లూరు వాళ్ళకి అది పరాయి ఊరనిపించేది కాదు. కోర్టుకీ ఆస్పత్రికీ మగవాళ్ళు ఎప్పటి నుంచో వెళ్తూనే ఉన్నారు. ఆడవాళ్ళకి మద్రాసుని ఇచ్చింది మాత్రం సినిమానే అనుకుంటాను.

మా అవ్వది ఉదయగిరి, మెట్టినిల్లు ఆత్మకూరు. పెళ్ళయింది 1960లో. తాత ఒక బట్టల కొట్లో గుమాస్తా. 'వేంకటేశ్వర మహాత్మ్యం' వాళ్ళ ఊరి డేరాకి వచ్చేసరికి ఇంకో రెండు మూడేళ్ళు పట్టింది. అది చూశాక ఒక ఏడాది పెళ్ళిరోజుకి వాళ్ళు తిరుపతి వెళ్ళారు. అట్నుంచి మద్రాసు. తర్వాత వీలైనన్నిసార్లు వెళ్ళారు, వీలుకాని ఏడు ఆ తేదీకి నెల్లూరులో సినిమా. ఇద్దరికీ సినిమా అంటే ప్రాణం అని చుట్టాలందరూ చెప్తారు. కానీ మద్రాసు ఆలోచన ఎవరిదని అడిగితే అవ్వ నవ్వేది. "గుడికి పోతుండామంటే ఎవురూ కాదనరు గదమ్మీ. ఆణ్ణించి మద్రాసు యెంత దూరం?" అత్తగారి దగ్గర మొక్కు పేరు చెప్పడం, తలనీలాలు ఇవ్వాలనడం, ప్రయాణానికి పులిహోర కట్టడం, చుట్టాలకి ఇవ్వడానికి ఉదయగిరి కొయ్య గరిటెలు మూట కట్టడం అన్నీ ఆమె చేసింది. టిక్కెట్లు కొన్నది తాత కాబట్టి అది ఆయన సరదాగా మా ఇంట్లో పేరు పడింది.

ఆ తరం ఆడవాళ్ళు మద్రాసుని ఒక జాబితాగా చెప్తారు. మెరీనా బీచి, చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ (మ్యూజియాన్నీ, జంతు ప్రదర్శనశాలనీ అలా పిలిచేవాళ్ళు), పద్నాలుగంతస్తుల ఎల్.ఐ.సి. బిల్డింగు, మూర్ మార్కెట్టు, వాహినీ స్టూడియో గేటు. గేటు దాటి లోపలికి వెళ్ళినవాళ్ళు తక్కువ. అయినా ఆ గేటు ముందు నిలబడడమే ఒక సంగతి. రామారావు ఇంటి ముందు పొద్దున్నే గుళ్ళతో, పసుపు బట్టలతో జనం బారులు తీరేవాళ్ళు. ఆయన బయటికి వచ్చి నమస్కారం చేసేవాడు. అవ్వకి అక్కడ బాగా గుర్తున్నది ఆయన కాదు. జనంలో ఉన్న ఇంకొక ఆడమనిషి తన చేతిలో పాపని ఈమెకిచ్చి ముందుకు తోసుకుని వెళ్ళింది. ఆమె ఏ ఊరో, ఎవరో. తిరిగొచ్చి పాపని తీసుకుంటూ "మీరు పోండక్కా, నేను ఉంటా" అందట. ఊరుగాని ఊళ్ళో ముక్కూ మొహం తెలియని ఆడవాళ్ళు వంతులు వేసుకుని చూసిన ఆ దర్శనం ఏ సినిమా చరిత్రలోకీ రాలేదు.

తిరిగి వచ్చాక ఇంట్లో ఏర్పడిన ఆచారాల గురించి కూడా చెప్పాలి. ఎందుకంటే ప్రయాణం ఏడాదికి నాలుగు రోజులైతే, ఆచారం మిగతా అన్ని రోజులూ నడిచింది. మొదటిది పాటల పుస్తకాలు. హాలు దగ్గర కొన్ని పైసలకి దొరికే ఆ పల్చటి పుస్తకాల్లో పాటలతో పాటు సగం కథ ఉండేది. మిగతాది వెండితెర మీద చూడమని చివర్లో రాసేవాళ్ళు. అవ్వ మూడో తరగతితో బడి మానేసింది. మర్చిపోయిన అక్షరాలు ఈ పుస్తకాలతోనే మళ్ళీ వచ్చాయని చెప్పేది, ఎందుకంటే పాట ముందే నోటికి వచ్చు, ఏ అక్షరం ఎక్కడుండాలో చెవికి తెలుసు. రెండోది మంగళహారతులు, జోలపాటలు. పేరంటాల్లో పాత పాటల మధ్య సినిమా పాటలు వచ్చి చేరాయి, కొన్నాళ్ళకి వాటి పుట్టుక ఎవరికీ గుర్తులేకుండా పోయింది. మూడోది కథ చెప్పడం. సినిమాకి వెళ్ళలేని కోడళ్ళకి, ముసలివాళ్ళకి మధ్యాహ్నాలు సినిమా కథంతా చెప్పడం ఆడవాళ్ళ పనిగా ఉండేది. ఇందులో కథ మారేది. అవ్వ చెప్పే వేంకటేశ్వరుడి కథలో లక్ష్మికి సినిమాలో కంటే ఎక్కువ మాటలుంటాయి.

ఇంతవరకు రాసింది చదివితే ఇదంతా ఒక మురిపెమైన దాంపత్య కథలా కనిపించవచ్చు. 1983 తర్వాత జరిగింది కూడా చెప్తేనే దీని అసలు స్వరూపం తెలుస్తుంది. ఆ ఏడాది తాత పోయాడు. మరునాటి నుంచి అవ్వ సినిమా ఆగిపోయింది. ఎవరూ వద్దని గట్టిగా అనలేదు, రమ్మని మాత్రం ఎవరూ పిలవలేదు. ఒకే ఇష్టం ఉన్న ఇద్దరిలో ఆమె పోయి ఆయన మిగిలి ఉంటే, ఆయన సాయంత్రం ఆటకి వెళ్ళి వచ్చేవాడు, పాపం మనసు మళ్ళించుకుంటున్నాడని ఊరు జాలిపడేది. ఆమె వెళ్తే ఊరు వేరే మాట అనేది. ఉదయగిరి, ఆత్మకూరుల్లో నేను మాట్లాడిన పెద్ద వయసు ఆడవాళ్ళలో వితంతువులైన ప్రతివాళ్ళూ తాము చూసిన 'చివరి సినిమా' పేరు చెప్పగలిగారు. దంపతుల యాత్ర ఆడవాళ్ళకి లోకాన్ని చూపించింది, నిజమే. కానీ ఆ అనుమతి ఆమె పేరు మీద లేదు, జంట పేరు మీద ఉంది.

సరిగ్గా అదే సమయంలో ప్రయాణం దిశ కూడా మారింది. 1982 మార్చిలో పార్టీ పెట్టిన రామారావు చైతన్యరథం ఎక్కి ఊరూరా తిరిగాడు. ఇన్నాళ్ళూ జనం వెతుక్కుంటూ వెళ్ళిన మనిషి తానే వాళ్ళ దగ్గరికి వచ్చాడు. 1983 ఎన్నికల్లో గుడివాడతో పాటు తిరుపతి నుంచి కూడా నిలబడి గెలిచాడు. తిరుపతి ఎందుకో వేరే చెప్పనక్కర్లేదు. (ఉదయగిరి మాత్రం ఆ గాలిలో కూడా బి.జె.పి. అభ్యర్థి వెంకయ్యనాయుడిని గెలిపించింది. అభిమానమూ ఓటూ ఒకటే అనుకునేవాళ్ళు దీన్ని గుర్తుంచుకోవాలి.) పదేళ్ళు తిరగకుండా, 1992లో, ఇదే మెట్ట ప్రాంతంలో కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు అక్షరాస్యత పాఠాల నుంచి లేచి సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం గురించి మనం చాలా రాసుకున్నాం. సినిమా గురించి మాట్లాడుతూ ఒక్క మాట చేర్చాలనిపిస్తుంది. కూలి డబ్బుల్లో సారా మగవాడి ఒక్కడి ఖర్చు. సినిమా ఇద్దరూ కలిసి పెట్టిన సరదా ఖర్చు. సరదాలో ఆడదానికి వాటా ఉండొచ్చని తెలిసిన తరం తల్లుల కూతుళ్ళు ఆ ఉద్యమంలో ఉన్నారు. రెండిటికీ నేరుగా ముడి పెట్టలేం కానీ, ఆ జ్ఞాపకాన్ని పక్కకి నెట్టడం కూడా సరికాదు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో మళ్ళీ ముఖ్యమంత్రి అయిన రామారావు సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం పెట్టాడు. ఒకనాడు తన గేటు ముందు వరసలో నిలబడ్డ ఆడవాళ్ళకి ఆయన ఇవ్వవలసి వచ్చిన జవాబు అది. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు.

1986లో వచ్చిన 'శ్రీ షిర్డీ సాయిబాబా మహాత్మ్యం' ఇంకో మలుపు. కె. వాసు దర్శకత్వంలో విజయచందర్ బాబాగా వేసిన ఈ సినిమా తర్వాత తెలుగువాళ్ళు షిర్డీకి కట్టకట్టుకుని వెళ్ళారు. ఇది కూడా సినిమా పుట్టించిన యాత్రే. అయితే తిరుమలలో కల్యాణోత్సవానికి దంపతులుగా కూర్చున్నట్టు షిర్డీలో ఎవరూ జంటగా కూర్చోనక్కర్లేదు. ఫకీరు దగ్గరికి పోవడానికి పక్కన మొగుడు అవసరం లేదు. మా అవ్వ మూడేళ్ళ తర్వాత చూసిన మొదటి సినిమా అదే, వీధిలోని నలుగురు ఆడవాళ్ళతో కలిసి. వాళ్ళే తర్వాత చీటీ వేసుకుని, కోపర్‌గావ్ దాకా రైల్లో వెళ్ళి, షిర్డీ చూసి వచ్చారు. ఆ నలుగురిలో ముగ్గురు వితంతువులు. జంట పేరు మీద ఉన్న అనుమతి ఇలా మెల్లగా ఆడవాళ్ళ గుంపు పేరు మీదికి మారింది. ఇది ఒక్క మా వీధి సంగతి కాదని, ఆ దశకంలో షిర్డీ వెళ్ళొచ్చిన ఏ ఆడవాళ్ళని కదిలించినా తెలుస్తుంది.

స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళని పోరాటం గురించే కాక వాళ్ళ జీవితం గురించి అడగడం మనకు నేర్పింది. సరదా గురించి అడగడం మనం ఇంకా సరిగా మొదలుపెట్టలేదు. కష్టానికి సాక్ష్యం చెప్పమంటే మన పెద్దవాళ్ళు చెప్తారు. సంతోషం గురించి అడిగితే 'అదేముందిలే' అంటారు, ఎందుకంటే అది తమదని చెప్పుకునే అలవాటు వాళ్ళకి లేదు. మీ ఇళ్ళల్లో 1960ల్లో, 70ల్లో తిరుపతి–మద్రాసు వెళ్ళివచ్చినవాళ్ళు ఇప్పుడు ఎనభై దాటి ఉంటారు. వెళ్దామన్న మాట ముందు ఎవరన్నారో, డబ్బు ఎలా కూడబెట్టారో, ఇంట్లో ఏం చెప్పి బయల్దేరారో, హాల్లో ఎటువైపు కూర్చున్నారో, చివరిసారి ఎప్పుడు వెళ్ళారో, ఎందుకు ఆగిపోయారో అడగండి. ఈ ఆరు ప్రశ్నలకి జవాబులు పోగైతే, తెలుగు సినిమా ప్రేక్షకుల చరిత్రని కటౌట్ దగ్గర నుంచి కాకుండా ఆడవాళ్ళ క్యూ దగ్గర నుంచి రాయడం సాధ్యమవుతుంది.